సీనియర్ డిజైనర్ టైటిల్ గురించి కాస్త గట్టిగా మాట్లాడుకుందాం

లింక్డ్‌ఇన్‌లో నాకొచ్చే మెసేజ్‌లలో సగం ఇవే. "అక్కా, ప్రొడక్ట్ డిజైనర్‌గా మూడేళ్లు నిండాయి, సీనియర్ ఎప్పుడవుతాను? ఇంకే టూల్ నేర్చుకోమంటారు?" (ప్రొడక్ట్ డిజైనర్ అంటే యాప్‌లు, వెబ్‌సైట్లు ఎలా కనిపించాలో, ఎలా పనిచేయాలో తీర్చిదిద్దేవాళ్లు.) ఒక్కొక్కరికీ విడిగా రాసే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాసేస్తున్నా. కొంతమందికి కోపం వస్తుందని తెలుసు, రానీ.

ముందు టైటిల్ సంగతి. హైదరాబాద్‌లో ఇరవై మంది ఉన్న స్టార్టప్‌లో డిజైన్ టీమ్ అంటే ఒక్క మనిషి, ఆ మనిషే "హెడ్ ఆఫ్ డిజైన్". కింద ఎవరూ ఉండరు, పక్కన ఎవరూ ఉండరు, రాత్రి పదకొండింటికి ఫౌండర్ వాట్సాప్‌లో "ఈ బటన్ ఆకుపచ్చగా ఉంటే ఎలా ఉంటుందంటావ్?" అంటే మార్చి పంపేదీ ఆ హెడ్డే. పేరు గొప్ప, ఊరు దిబ్బ. హైక్ ఇవ్వడానికి డబ్బుల్లేనప్పుడు టైటిల్ ఇస్తారు, దానికి పైసా ఖర్చు లేదు కదా. సర్వీస్ కంపెనీల్లో ఇంకో రకం. అక్కడ చాలాసార్లు డిజిగ్నేషన్ మీ పనిని చూసి రాదు, క్లయింట్‌కి పంపే రేట్ కార్డును చూసి వస్తుంది. ఇన్నేళ్ల అనుభవానికి గంటకి ఇంత అని రాసుకుంటారు కాబట్టి ఏళ్లు నిండగానే మీరు సీనియర్, ఆ ఏళ్లన్నీ ఒకే రకం ఫారాలు గీస్తూ గడిపినా సరే. అదే మనిషి గూగుల్‌కి వెళ్తే ఎల్4 అంటారు, మెటాకి వెళ్తే ఐసీ4 అంటారు, రెండూ అక్కడి లెక్కలో సీనియర్ కంటే కింది లెవెల్సే, ఇంటికొచ్చి "రెండు మెట్లు కిందికి దించారు" అని బాధపడతారు. పాత చోట ఆ మెట్లు అసలు కట్టలేదు, అంతే.

సరే, పెద్ద కంపెనీల్లో లెవెల్స్ షీట్ ఉంటుంది, అదైనా చూద్దామా అంటే, అడ్డంగా లెవెల్స్, నిలువుగా విజువల్, ఇంటరాక్షన్, రీసెర్చ్, కమ్యూనికేషన్, లీడర్‌షిప్. మొదటి గడిలో "ఇతరుల సాయంతో చేస్తారు", రెండో దాంట్లో "సొంతంగా చేస్తారు", మూడో దాంట్లో "ఇతరులకు దారి చూపిస్తారు", నాలుగో దాంట్లో "సంస్థ అంతటా ప్రభావం చూపిస్తారు". ఇది చదివి ఎవరికైనా రేపు ఆఫీసుకెళ్లి ఏం చేయాలో తెలిస్తే నాకు చెప్పండి.

నాకు అర్థమైనంతలో తేడా అంతా ఒకచోటే ఉంది. మీ చేతికి వచ్చే ప్రశ్న ఎంత తేలకుండా ఉంది అన్నదే లెవెల్. మొదట్లో "ఈ స్క్రీన్ గియ్యి" అంటారు. తర్వాత "ఈ ఫ్లో మొత్తం చూడు" అంటారు, అంటే ఒక పని మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా వచ్చే స్క్రీన్లన్నీ. సీనియర్‌కి "జనం ఇక్కడ ఎందుకు ఆగిపోతున్నారు?" అని ఇస్తారు, దాని జవాబులో స్క్రీన్ ఉంటుందో లేదో కూడా తెలియదు. ఆ పైన ఇచ్చేవాళ్లు ఉండరు, ప్రశ్నను మీరే పట్టుకురావాలి.

ఇంటర్వ్యూల్లో నేను తరచూ ఇచ్చే ప్రశ్న ఒకటుంది. యూపీఐలో డబ్బు కట్టారు, అకౌంట్లో కట్ అయింది, షాపతనికి మాత్రం అందలేదు. ఆ "పెండింగ్" స్క్రీన్ డిజైన్ చేయండి.

కొందరు వెంటనే గీసేస్తారు. పసుపు రంగు గడియారం బొమ్మ, కింద "మీ చెల్లింపు పెండింగ్‌లో ఉంది", ఒక ఓకే బటన్. అందంగానే ఉంటుంది, స్పేసింగ్ అంతా ఎనిమిది పిక్సెళ్ల గుణిజాల్లో పక్కాగా ఉంటుంది. మొదటి లెవెల్‌లో అది మంచి పనే, నేను తీసిపారేయడం లేదు.

ఇంకొందరు పెన్ను పక్కన పెట్టి ఎదురు ప్రశ్నలు వేస్తారు. పెండింగ్ తర్వాత ఎన్ని రకాలుగా ముగుస్తుంది? సక్సెస్ అవ్వొచ్చు, ఫెయిలై డబ్బు వెనక్కి రావొచ్చు, ఫెయిలైనా ఇంకా వెనక్కి రాకపోవచ్చు. బ్యాంకు ఎస్సెమ్మెస్ ముందొచ్చి యాప్ వెనకబడితే? యాప్ మూసేసి మళ్లీ తెరిస్తే ఆ స్టేటస్ ఎక్కడ దొరుకుతుంది? ఇలా అడిగేవాళ్లు బ్యాకెండ్ (తెర వెనక సర్వర్ల పని చూసే) వాళ్లతో కూర్చుని పని చేసినవాళ్లని ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మూడో రకం మనిషి షాపు ముందు నిలబడ్డవాళ్ల దగ్గర మొదలుపెడతాడు. వెనక నలుగురు లైన్లో ఉన్నారు, షాపతను "సౌండ్ రాలేదండీ" అంటున్నాడు, ఇటు ఫోన్లో డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. డబ్బు కట్టినాయన టెన్షన్‌లో మళ్లీ కొడతాడు, డబ్బు రెండుసార్లు పోతుంది. కాబట్టి ఆ స్క్రీన్ మొదటి పని "మళ్లీ కట్టొద్దు, ఒక్క నిమిషం ఆగండి" అని చెప్పడం, రెండో పని డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పడం. 2019 సెప్టెంబరు సర్క్యులర్‌లో ఆర్‌బీఐ దీనికి గడువు పెట్టింది. మనిషి నుంచి మనిషికి పంపింది చేరకపోతే మరుసటి రోజులోగా, షాపుకు కట్టింది ఖరారు కాకపోతే ఐదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం. ఆ గడువును తారీఖుగా మార్చి "ఫలానా రోజులోగా మీ అకౌంట్లోకి వస్తుంది" అని స్క్రీన్ మీద రాస్తే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాల్సిన పని చాలామందికి ఉండదు. ఈ నియమం ఉందని తెలుసుకోవడం కూడా డిజైనర్ పనే. "లీగల్ వాళ్లు చూసుకుంటారు" అనే సీనియర్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

నాలుగో రకం అరుదు. "ఇదే పెండింగ్ రీచార్జ్‌లో, కరెంటు బిల్లులో, టికెట్ బుకింగ్‌లో కూడా ఉంటుంది కదా, మీ యాప్‌లో ఒక్కో టీమ్ ఒక్కో మాట వాడుతోందా?" అని అడుగుతారు. వాడుతూనే ఉంటారు. ఒకచోట ప్రాసెసింగ్, ఒకచోట పెండింగ్, ఇంకోచోట ఉత్త చక్రం తిరుగుతూ ఉంటుంది. మూడు టీమ్‌ల పీఎంలను (ప్రొడక్ట్ మేనేజర్లను) కూర్చోబెట్టి, ఎవరి అహం దెబ్బతినకుండా అన్నీ ఒక పద్ధతిలోకి తెచ్చే మనిషిని, సీనియర్ పైన ఉండే పేర్లతో, స్టాఫ్ అనండి, ప్రిన్సిపల్ అనండి. ఆ పనిలో ఫిగ్మా (స్క్రీన్లు గీసే టూల్) తెరిచేది చాలా తక్కువ.

నలుగురికీ ఇచ్చింది ఒకే ప్రశ్న అని గమనించారా.

ఇక టూల్స్. ఫొటోషాప్‌లో వెబ్‌సైట్లు గీసిన రోజులున్నాయి, తర్వాత స్కెచ్ వచ్చింది, 2016లో ఫిగ్మా అందరికీ తెరుచుకుంది, 2019 చివర్లో అందులో ఆటో లేఅవుట్ (లోపలి మాటను బట్టి డబ్బా దానంతటదే సైజు మార్చుకోవడం) వచ్చాక పని తీరే మారింది. అలాంటిదే అయిన ఎక్స్‌డీ కోర్సులకు డబ్బు కట్టి నేర్చుకున్నవాళ్లు ఎందరో, అడోబ్ 2023లో దాన్ని కొత్తవేమీ చేర్చని మెయింటెనెన్స్‌కి నెట్టేసింది. ప్రోటోటైప్ (నొక్కి చూడగల నమూనా) అంటే ఇన్‌విజన్ అనే కాలం ఒకటి ఉండేది, 2024 చివర్లో ఆ దుకాణమే మూతపడింది. ఇప్పుడు ఏఐకి రెండు లైన్లు రాస్తే స్క్రీన్లు వచ్చి పడుతున్నాయి. నాకు నిజంగా భయం వేసేది ఇక్కడే. "ఈ స్క్రీన్ గియ్యి" అన్న మెట్టు మీదే కదా మనమంతా పని నేర్చుకున్నాం, ఆ మెట్టే తీసేస్తే కొత్తగా వచ్చే పిల్లలు ఎక్కడ నిలబడి నేర్చుకుంటారు? ఫ్రెషర్లను తీసుకోవడం ఆపేసి ఐదేళ్ల తర్వాత "సీనియర్లు దొరకట్లేదు" అని ఏడ్చే కంపెనీలను అప్పుడు చూద్దాం.

అయితే చేతిపని అక్కర్లేదని కాదు. మొన్న ఒకరి పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల సంకలనం) చూశాను, రైతుల కోసం తెలుగు యాప్, స్క్రీన్లన్నీ ఇంగ్లిష్‌లో. తెలుగు పెట్టి చూడమన్నాను. "రీట్రై" బటన్ మీద "మళ్ళీ ప్రయత్నించండి" పట్టలేదు, రెండు లైన్లయింది. లైన్ హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) ఇంగ్లిష్‌కి సరిపోయేలా బిగించి ఉంది కాబట్టి కింది ఒత్తులు తెగిపోయాయి, "మళ్ళీ" కాస్తా "మళీ" అయింది. మన లిపికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయని తెలుగు డిజైనర్‌కి ఎవరు చెప్పాలి? టచ్ టార్గెట్ (వేలితో నొక్కే చోటు) 48 డీపీ (ఆండ్రాయిడ్ కొలత) ఉండాలి, మామూలు అక్షరానికి కాంట్రాస్ట్ (అక్షరం రంగుకి, వెనక రంగుకి మధ్య తేడా) 4.5:1 ఉండాలి అని గడగడా అప్పజెప్తారు, సొంత అమ్మ ఫోన్‌లో అది ఎలా కనిపిస్తుందో చూడరు.

పోర్ట్‌ఫోలియోల గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది. అందరిదీ ఒకటే కేస్ స్టడీ: డబుల్ డైమండ్ బొమ్మ (డిజైన్ ప్రక్రియను రెండు వజ్రాలుగా చూపేది), రంగురంగుల స్టిక్కీ నోట్లు, "రాహుల్, 28, బెంగళూరు" అనే పర్సోనా (ఊహించుకున్న యూజర్). ఆ రాహుల్ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు గానీ ప్రతి పోర్ట్‌ఫోలియోలో ఉంటాడు. దాని బదులు మీరు వద్దనుకుని పక్కన పెట్టిన డిజైన్ ఒకటి, ఎందుకు వద్దనుకున్నారో నాలుగు లైన్లు రాయండి. నేనైతే అది చదివే పిలుస్తాను.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. తెలుగు మీడియంలో చదివి, డిజైన్ బాగా వచ్చి, రివ్యూ మీటింగ్‌లో ఇంగ్లిష్ తడబడి నోరు మెదపలేని పిల్లలను చాలామందిని చూశాను. పక్కవాడు వాళ్ల పనినే గడగడా చెప్పేసి మార్కులు కొట్టేస్తాడు. మాట్లాడటం సాధనతో వస్తుంది, కానీ అప్పటిదాకా రాయండి. మీటింగ్‌కి ముందురోజే ఒక పేజీ: సమస్య ఇది, చూసిన దారులు ఇవి, నేను ఎంచుకున్నది ఇది, ఎందుకంటే ఇది. అందరూ చదివి వస్తే మీరు మాట్లాడాల్సింది సగమైపోతుంది. పై లెవెల్స్‌లో పని ఎక్కువగా రాతతోనే నడుస్తుంది, కాబట్టి ఈ అలవాటు ఎక్కడికీ పోదు.

మేనేజర్ అవ్వడం ప్రమోషన్ అనుకునేవాళ్లకి ఒక్క మాట. అది వేరే ఉద్యోగం. మనుషుల సెలవులు, గొడవలు, హైక్‌లు, రాజీనామాలు. ఇష్టముంటే వెళ్లండి, ఇంట్లో "ఇంకా గీస్తూనే ఉన్నావా, నీ కింద ఎంతమంది?" అని అడిగారని మాత్రం వెళ్లకండి.

కంపెనీలనూ వదలను. "పై లెవెల్ పని చేసి చూపిస్తే పై లెవెల్ ఇస్తాం" అంటారు, పైకి న్యాయంగానే వినిపిస్తుంది. తీరా చూస్తే ఏడాది పొడవునా ఆ మనిషికి బ్యానర్లు, పాపప్‌లు, పండగ ఆఫర్ల స్క్రీన్లే ఇస్తారు. తేలని ప్రశ్న ఒక్కటీ చేతికి ఇవ్వకుండా, అప్రైజల్ ఫారంలో "స్కోప్ (పెద్ద పరిధి పని) చూపించలేదు" అని రాసే మేనేజర్‌కి ఆ గడి నింపే హక్కు లేదు.

అందుకే అప్రైజల్స్ వచ్చే ఏప్రిల్ వరకు ఆగకండి, మేనేజర్‌తో వచ్చే వన్ ఆన్ వన్‌లోనే (ఇద్దరే కూర్చునే మీటింగ్‌లోనే) అడగండి. "నాకు ప్రమోషన్ ఎప్పుడు" అని అడిగితే "చూద్దాం" అంటారు. "ఈ మూడు నెలల్లో ఇంకా ఎవరికీ జవాబు తెలియని ఏ సమస్య నాకు ఇస్తారు, దాన్ని ఎలా కొలుస్తారు?" అని అడగండి, ఏం అనుకున్నారో ఆ సాయంత్రమే మెయిల్‌లో పెట్టండి. రెండుసార్లు అడిగినా మళ్లీ పండగ బ్యానరే వస్తే, పోర్ట్‌ఫోలియో అప్‌డేట్ చేయడం మొదలుపెట్టండి, రాహుల్‌ని తీసేసి.