ఆ పాప చేతికి మైకు ఇవ్వకండి

మన సంఘం డిసెంబరు సేవా కార్యక్రమాలకి ఈసారి అమెరికా నుంచి హైదరాబాదు వచ్చినవాళ్ళకి ముగింపు సభ గుర్తుండే ఉంటుంది. శాలువాలు, మెమెంటోలు, కార్యవర్గం గ్రూపు ఫొటో, అన్నీ మామూలే. స్కాలర్‌షిప్ అందుకోవడానికి వచ్చిన పదో తరగతి పాపని మాత్రం యాంకరమ్మ వదల్లేదు. "నాన్న ఎలా పోయారో చెప్పమ్మా, అందరికీ స్ఫూర్తిగా ఉంటుంది" అంది. పాప తాగుడు దాకా వచ్చి ఆగిపోయింది. ముందు వరసలో ఫోన్లు లేచాయి. తర్వాత మైకందుకున్న పెద్దాయన "సానబెడితేనే వజ్రం, కష్టాలే మనల్ని ఇంతవాళ్ళని చేశాయి" అన్నారు. ఒకటే చప్పట్లు.

ఆ లెక్కన నేనూ వజ్రాన్నే. "నల్లకుంట ఇరుకు గది నుంచి..." అంటూ ఈ పత్రికలోనే నా గురించి రాశారు. ఆ గదిలో పెరిగింది ఇద్దరం. రెండోవాడి గురించి ఎవరూ రాయలేదు.

నాన్న తాగొచ్చే రాత్రుల్లో అన్న తలుపుకి అడ్డంగా పడుకునేవాడు, మొదటి దెబ్బ తనకే తగలాలని. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో ట్రెడిల్ మిషను దగ్గర చేరాడు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు. "నువ్వు సదువుకోరా, ఇంటి సంగతి నేను జూస్కుంట" అన్నాడు. మేనమామకి ఇద్దర్నీ సాకే స్తోమత లేదు. చిన్నవాణ్ణని నన్ను రామంతాపూర్ తీసుకెళ్ళి చదివించాడు. మా ఇద్దరికీ తేడా అదే, తెలివి కాదు. నాకు లెక్కలు నేర్పిందే అన్న. ఇవాళ అన్నకి షుగరు, గుండెలో స్టెంటు. వీధిలో ఎవరైనా గట్టిగా అరిస్తే ఇప్పటికీ కంచం ముందు నుంచి లేచిపోతాడు.

ఇది మా ఇంటి గోల అనుకోకండి. 1998లో ఫెలిటీ, ఆండా అనే డాక్టర్లు అచ్చువేసిన అధ్యయనం శాన్ డియాగోలో కైజర్ అనే ఆరోగ్య బీమా సంస్థ పేషెంట్ల మీద చేసింది. మనలో కొందరి జేబులో ఉండే బీమా కార్డు ఆ కైజర్‌దే. 9,500 మందికి పైగా జవాబిచ్చారు, ఎక్కువమంది చదువుకున్నవాళ్ళే. కొట్టడం, ఇంట్లో తాగుడు, తల్లి దెబ్బలు తినడం చూడటం లాంటివి చిన్నప్పుడు నాలుగు రకాలో అంతకు మించో పడ్డవాళ్ళకి తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం లాంటి ముప్పులు ఏవీ పడనివాళ్ళ కంటే 4 నుంచి 12 రెట్లు కనిపించాయి. పడ్డ రకాలు పెరిగినకొద్దీ గుండెజబ్బు కూడా పెరిగింది. అలాగని పడినవాళ్ళందరి నుదుటా అదే రాసుందని కాదు. హవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. వాళ్ళలో చాలా కష్టాల మధ్య పుట్టినవాళ్ళని తీసుకున్నా, మూడోవంతు చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ళకి దొరికినవాటిలో ముఖ్యమైనది నమ్మకంగా పట్టించుకునే ఒక పెద్దదిక్కు, కన్నవాళ్ళే కానక్కర్లేదు. నాకు మేనమామ దొరికాడు.

మన ఇళ్ళలో ఇలాంటివి పరువు పేరుతో కప్పేస్తారని ఇక్కడ అమెరికాలో మన పిల్లలు దెప్పుతారు. సగం నిజమే. మా నాన్నని నిలదీసినవాడు వీధిలో ఒక్కడూ లేడు. కానీ పక్కవాటా పిన్నిగారు ఆ రాత్రుల్లో మమ్మల్ని పిలిచి పప్పన్నం పెట్టేది, ఒక్క ప్రశ్న అడిగేది కాదు. ఆవిడ మర్యాదలో వీసమెత్తు మన వేదిక మీద లేకపోయింది.

కథ లేకపోతే చెక్కులు రాలవంటారు కోశాధికారులు. వాళ్ళ బాధ నాకు తెలుసు. బాంక్వెట్లో వీడియో నడుస్తుండగా కళ్ళు తుడుచుకుని సంతకం చేసినవాణ్ణే. కానీ మన డబ్బు పదో తరగతి ఫొటోతో ఆగిపోతోంది. ఆశ్రమాల్లో పెరిగిన పిల్లలు పద్దెనిమిది నిండగానే బయటికి రావాలి. 2015 బాలల న్యాయ చట్టం 21 ఏళ్ళ దాకా ఆసరా ఇవ్వవచ్చని చెబుతోంది, కానీ అద్దె గదికి అడ్వాన్సు, ఇంటర్వ్యూకి చొక్కా, జ్వరమొస్తే ఫోను చెయ్యడానికి ఒక మనిషి, ఇవి చట్టంలోంచి వాటంతటవే రావు. రిటైరైన టీచర్లు నగరంలో ఎంతమంది లేరు! ఒక్కొక్కరికి ఒక పిల్లనో పిల్లాణ్ణో అప్పగించి, నెలనెలా కలిసేలా ఖర్చు మనం పెట్టుకుందాం. ఫొటోలొద్దు.

వచ్చే బడ్జెట్ మీటింగులో ఈ తీర్మానం పెడుతున్నాను. వజ్రాల పెద్దాయనకీ ఫోను చేస్తాను, మనిషి మంచివాడే. బలపరచమని అడుగుతాను.