‘గంతులేసే పిల్లలకు గుండె జబ్బేంటి?’ అనే ఫార్వర్డ్‌కు జవాబు

విశాఖలో బడి పిల్లల తల్లిదండ్రుల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: బడికొచ్చి గుండెకు ఎకో (శబ్ద తరంగాలతో గుండెను తెర మీద చూసే పరీక్ష) తీస్తామంటే ఒప్పుకోకండి, అదంతా వ్యాపారం, గంతులేసే పిల్లలకు గుండె జబ్బు ఉండదు, స్టెతస్కోపు చాలు, అనుమానముంటే ఏఎస్‌ఓ రక్తపరీక్షతో తేలిపోతుంది, జబ్బు దొరికినా ఇచ్చేది పెన్సిలిన్ సూదే, అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందు గంతుల సంగతి. స్ట్రెప్టోకాకస్ (స్ట్రెప్) అనే బ్యాక్టీరియా వల్ల గొంతు నొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు కొందరు పిల్లల్లో, ఎక్కువగా 5–15 ఏళ్ల వాళ్లలో, రుమాటిక్ జ్వరం వస్తుంది. ఇవాళ మోకాలు, ఎల్లుండి చీలమండ అన్నట్టు కీళ్ల నొప్పి తిరుగుతుంది, తగ్గిపోతుంది, ఇంట్లో మర్చిపోతారు. కొందరిలో ఆ నొప్పులూ ఉండవు. ఆ జ్వరం వల్ల గుండె వాల్వు (రక్తం వెనక్కి రాకుండా ఆపే కవాటం) మీద పడ్డ దెబ్బ మాత్రం మిగిలిపోతుంది. దీన్నే రుమాటిక్ గుండె జబ్బు అంటారు. చిన్న లీకును పిల్లల గుండె ఏళ్ల తరబడి ఆయాసం తెలియనివ్వకుండా లాక్కొస్తుంది. చాలామంది ఆడపిల్లలకు జబ్బు సంగతి తొలి కడుపుతో ఉన్నప్పుడే తెలుస్తుంది: ఒంట్లో రక్తం పెరిగే ఆ నెలల్లో, అప్పటికే ఇరుకైపోయిన మైట్రల్ వాల్వు (గుండె ఎడమ పక్క రెండు గదుల మధ్య ఉండేది) దాన్ని దాటనివ్వక, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు.

స్టెతస్కోపు చాలన్న మాటకు 2007లో అచ్చయిన అధ్యయనమే సమాధానం. కంబోడియాలో 3,677 మంది బడి పిల్లలను చూస్తే, స్టెతస్కోపుతో అనుమానించి నిర్ధారించినవాళ్లు 8 మంది, ఎకోలో దొరికినవాళ్లు 79 మంది. చిన్న లీకు చప్పుడు చేయదు. పైగా ఏ జబ్బూ లేని పిల్లల్లోనూ మర్మర్ (గుండె చప్పుళ్ల మధ్య అదనపు శబ్దం) వినిపించడం మామూలే. అంటే స్టెతస్కోపు ఉన్నదాన్ని వదిలేస్తుంది, లేనిదానికి భయపెడుతుంది.

‘వ్యాపారం’ అన్న మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. ఎకో తీరు తెలియని చేతిలో మామూలు గుండె కూడా జబ్బు గుండెలా కనిపిస్తుంది. మిషన్‌లో కలర్ గెయిన్ (రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపే తీవ్రత) పెంచితే ఆరోగ్యవంతుడి చిటికెడు లీకు కూడా పెద్ద మంటలా తెర మీద ఎగసిపడుతుంది. హార్మోనిక్స్ అనే బొమ్మను మెరుగుపరిచే సెట్టింగ్ ఆన్‌లో ఉంచి కొలిస్తే వాల్వు రెక్క అసలు కంటే మందంగా వస్తుంది. అందుకే కొలతలు పెట్టారు: మైట్రల్ లీకు రెండు వ్యూల్లో కనిపించాలి, కనీసం ఒకదాంట్లో పొడవు 2 సెంటీమీటర్లు ఉండాలి (2023 సవరణ ప్రకారం 30 కిలోల లోపు పిల్లలకు 1.5), వేగం సెకనుకు 3 మీటర్లు, గుండె ముడుచుకున్నంతసేపూ లీకు సాగాలి. బడిలో చేతిలో పట్టే మిషన్‌తో చూసేది జల్లెడ మాత్రమే. ఎడమ పక్కకి పడుకోబెట్టి, జెల్ రాసి, కొద్ది నిమిషాల్లో చూసేస్తారు. ఎక్స్‌రేలా రేడియేషన్ ఉండదు. కిటికీలు మూసిన గది, ఆడపిల్లలకు పరదా, పక్కన టీచరమ్మ ఉండేలా చూడమని అడగండి. అక్కడ అనుమానం వచ్చినవాళ్లకు విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో కార్డియాలజిస్టు పూర్తి ఎకో తీసి తేల్చాలి. ఆ రెండో ఎకో కాకుండా ‘మీవాడికి గుండె జబ్బు’ అని చీటీ రాసిచ్చే క్యాంపునైతే నిలదీయాల్సిందే.

ఏఎస్‌ఓ గురించి ఒక్క మాట. అది పెరిగిందంటే ఈమధ్య స్ట్రెప్ సోకిందని అర్థం, అంతే. మన బడి పిల్లల్లో అది మామూలు. ఏఎస్‌ఓ 400 ఉందని, ఇంకే లక్షణమూ లేకుండా, ఏళ్లపాటు సూదులు వేయించుకునే పిల్లలున్నారు. వాల్వు ఎప్పుడో పాడైన పిల్లాడికేమో ఏఎస్‌ఓ నార్మల్ రావచ్చు.

ఇక దొరికితే ఏం లాభం? మళ్లీ స్ట్రెప్ సోకకుండా క్రమం తప్పక పెన్సిలిన్ వేయొచ్చు. ఉగాండాలో, ఎకోలోనే బయటపడ్డ తొలిదశ పిల్లలు 818 మందిపై పరీక్షించారు. రెండేళ్లలో, పెన్సిలిన్ వేయనివాళ్లలో 8.2 శాతం మందికి జబ్బు ముదిరింది, వేసినవాళ్లలో 0.8 శాతం మందికే. వేయకపోయినా ఎక్కువమందికి ముదరలేదన్నదీ ఇందులోనే ఉంది. అందుకే ఎవరికి వేయాలో డాక్టరు ఒక్కొక్కరినీ చూసి చెప్పాలి.

వేసేది బెంజాథిన్ పెన్సిలిన్: 27 కిలోల లోపు 6 లక్షల యూనిట్లు, ఆపైన 12 లక్షలు, మన దగ్గర సాధారణంగా 21 రోజులకోసారి, తుంటి కండలోకి. మందు చిక్కటిది. కలిపి పక్కన పెడితే సూదిలో గడ్డకట్టి అడ్డుపడుతుంది, సగం డోసు సిరంజిలోనే ఉండిపోతుంది. కాబట్టి కలిపిన వెంటనే, బాగా కుదిపి, రెండు మూడు నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కించాలి. తీవ్రమైన అలర్జీ అరుదు, అయినా దాన్ని ఆపే మందు అడ్రినలిన్ చేతికందేలా ఉండాలి, వేశాక అరగంట కూర్చోబెట్టాలి. ఎక్కువగా జరిగేది ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలు భయానికి కళ్లు తిరిగి పడిపోవడం. తినిపించి తీసుకెళ్లండి, పడుకోబెట్టి వేయమనండి. ‘ప్రాణం మీదికి’ అన్నదాంట్లో నిజం ఒకచోటే ఉంది. వాల్వు బాగా దెబ్బతిని గుండె అలసిపోయినవాళ్లకు ఈ కళ్లు తిరగడమే ప్రమాదం కావచ్చు. వాళ్లకు ఇంజెక్షన్ బదులు పెన్సిలిన్ మాత్రలు 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇవ్వాలా అన్నది కార్డియాలజిస్టు చూస్తారు.

అసలు దెబ్బ పడేది సెలవుల్లో. పాడేరు, అరకు వైపు హాస్టల్ పిల్లలు సంక్రాంతికి ఊరెళితే ఆ డోసు జారిపోతుంది. సూదుల తేదీలు రాసే కార్డు హాస్టల్ బీరువాలో కాక పిల్లాడి సంచిలో ఉండాలి, ఊరి ఏఎన్ఎంకు తేదీ ముందే చెప్పాలి. తేదీ దాటితే తర్వాతి 21 రోజుల దాకా ఆగక్కర్లేదు, మర్నాడే వేయించి అక్కడి నుంచి మళ్లీ లెక్కపెట్టుకోవాలి.