అడుగు మట్టికి దిక్కెవరు?

ఇప్పుడే చెరువు గట్టు మీద నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది, చల్లారేలోపే రాసేస్తాను. నీళ్ల పరీక్ష కోసమని ఒక కార్యాలయం నుంచి ఇద్దరు వచ్చారు. చిన్నవాడు తాడు కట్టిన సీసాను గట్టు మీద నుంచే విసిరి, పైపైన తేలే నీళ్లు ముంచి, మూత బిగించి, తేదీ రాశాడు. పని అయిపోయింది. "బాబూ, అడుగు మట్టి కూడా కాస్త తీసుకోకూడదా?" అని అడిగాను. పెద్దాయన నవ్వాడు. "మట్టి ఎందుకు మేడమ్, పురుగుల కోసమా?"

అవును నాయనా, పురుగుల కోసమే. ఇన్నేళ్లు జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైంది నీ చేత నవ్వించుకోవడానికే.

వాళ్లు వెళ్లాక పుల్లతో ఒడ్డున ఇంత బురద తీసి చూశాను. తారులాంటి నలుపు, కుళ్లిన గుడ్ల వాసన. అందులో దారపు పోగుల్లాంటి ఎర్ర పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. రక్తంలో ఉండే హిమోగ్లోబినే వాటికీ ఉంటుంది, అందుకే ఆ ఎరుపు. ప్రాణవాయువు అంతగా లేని చోట కూడా అవి బతుకుతాయి. అంటే అవి కనిపించాయని సంతోషించకూడదు, అవి తప్ప ఇంకేమీ కనిపించలేదని ఏడవాలి. కాలేజీ పిల్లలను ఇదే ఒడ్డుకు తీసుకొచ్చిన రోజుల్లో ఆల్చిప్పలు దొరికేవి, నత్తలు దొరికేవి. ఇప్పుడు గుట్కా పొట్లాలు దొరుకుతున్నాయి, సమృద్ధిగా.

విషయం బ్రహ్మవిద్య కాదు. కొన్ని రసాయనాలకు నీళ్లంటే గిట్టదు. వాగులోకి వదిలిన కాసేపటికే మట్టి రేణువులను కరుచుకుని అడుగుకు దిగిపోతాయి. పైన సీసా ముంచితే నీళ్లు నిక్షేపంగా ఉంటాయి. ఉండక ఏం చేస్తాయి? సరుకంతా కిందికి చేరింది కదా. పులుసు మీద తేట నాలుక్కి రాసుకుని, అడుగు మాడలేదని చెప్పినట్టుంది వీళ్ల పరీక్ష. మన దేశంలో నీటి వనరులకు ఎ నుంచి ఇ వరకు తరగతులు కట్టారు. కరిగిన ప్రాణవాయువు, కోలిఫామ్ బాక్టీరియా, ఇలా లెక్కలు చాలానే ఉన్నాయి. ఏ తరగతిలోనూ బురద ఊసు లేదు. పైన పటారం లోన లొటారం అన్నది మనవాళ్లు ఊరికే అన్నారా!

యూరప్ వాళ్లను పొగడడం నాకు సరదా కాదు గానీ, అక్కడ ఒక రసాయనం నీళ్లలో కన్నా ఆక్టనాల్ అనే జిడ్డు ద్రావకంలోకి వెయ్యి రెట్లు ఎక్కువగా చేరుతుందంటే అడుగు జీవుల సంగతి తేల్చమంటారు. ఎలాగంటే, మట్టిలో ఆ రసాయనం కలిపి, పైన నీళ్లు పోసి, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కైరోనమస్ అనే ఈగ పిల్లలను అందులో వదులుతారు. చూడడానికి దోమలాగే ఉంటుంది, కుట్టదు పాపం. 28 రోజుల్లో ఎన్ని రెక్కలొచ్చి ఎగిరాయో, ఎన్ని ఆలస్యమయ్యాయో, ఎన్ని అడుగునే చచ్చాయో లెక్కపెడతారు. 2004 నుంచి ఓఈసీడీ అనే సంపన్న దేశాల కూటమి మార్గదర్శకం ఉంది దీనికి, నంబరు 218. అంతటితో వదలరు. అలాంటి దీర్ఘకాల పరీక్ష ఒక్కటే ఉంటే, హాని చేయలేదని తేలిన మోతాదును 100తో భాగించి, వచ్చినదాన్నే హద్దుగా పెడతారు. వేర్వేరు రకంగా బతికే జీవుల మీద రెండు చేస్తే 50తో, మూడు చేస్తే 10తో. గాజు గ్లాసులో ఒక పురుగు బతికినంత మాత్రాన వాగులో అన్నీ బతుకుతాయని నమ్మేంత అమాయకులు కారు వాళ్లు. వాగులో ఉన్న మోతాదు ఆ హద్దు దాటితే ప్రమాదం ఉన్నట్టే లెక్క. పరీక్ష లేనప్పుడు నీటి జీవుల ఫలితాలనుంచి మట్టికి అంచనా కట్టే అడ్డదారీ ఉంది. కానీ ఆ పురుగులు మట్టిలో ఉండడమే కాదు, మట్టినే తింటాయి. అందుకే మరీ గట్టిగా అతుక్కునే రసాయనమైతే ప్రమాదాన్ని ఇంకో పది రెట్లు పెంచి చూస్తారు. ఇంత ఆలోచన పురుగు కోసం! గట్టు మీద నవ్విన ఆ పెద్దాయన వింటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాడు.

కాలిఫోర్నియాలో 2005 ప్రాంతంలో ఇళ్ల మధ్య పారే చిన్న వాగుల మట్టిని పరీక్షిస్తే, హయలెల్లా అనే బుల్లి రొయ్యలాంటి జీవి చాలా నమూనాల్లో బతకలేదు. కారణం ఏ ఫ్యాక్టరీయో కాదు, బైఫెంత్రిన్ లాంటి పురుగుమందులు. మన ఇళ్ల పునాదుల్లో చెదలకు పోసే మందుల్లో అదీ ఒకటి. మళ్లీ మనమే చెరువులో చేపలు లేవని వాపోతాం.

అంత దూరం ఎందుకు, పటాన్‌చెరు లేదా? 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి మందుల కార్ఖానాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి "శుద్ధి" అయి బయటకు వచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని ప్రకటించారు. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అది మట్టికి అతుక్కునే రకం. 2011లో ఆ దిగువ వాగు మట్టిలో మందులకు లొంగని బాక్టీరియా జన్యువులు గుట్టలుగా దొరికాయి. శుద్ధి కేంద్రం నీటిని గొట్టాలు వేసి అంబర్‌పేట వైపు మళ్లించారు. భేష్. నీళ్లకు గొట్టం వేశారు, ఇసకవాగు, నక్కవాగు అడుగున ఉన్న మట్టికి ఏ గొట్టం వేశారు?

ఇంకా కారం చల్లనా? 2020 జనవరిలో ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల్లో యాంటీబయోటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్రం ముసాయిదా తెచ్చింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు మాయం. చప్పట్లు కొట్టిన చేతులతోనే తల బాదుకున్నాం.

హుస్సేన్ సాగర్ అడుగు సంగతి బుద్ధుడినే అడగాలి. 1990లో ప్రాణాలు కూడా బలిగొని నీట మునిగిన ఆ విగ్రహాన్ని 1992లో గానీ పైకి తెచ్చి నిలబెట్టలేకపోయారు. ఆ బురదలో అంతకాలం పడుకున్నవాడు ఆయనొక్కడే, ఆయనేమో మౌనం.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మా కాలనీ సంఘం పెద్దలు నన్ను ఇదివరకే అన్నారు. చెప్తాను వాళ్ల సంగతి కూడా. పల్లె చెరువుల పూడిక తీసి పొలాలకు తోలుకుంటే నేలకు బలం, కాదనను. ఎప్పటినుంచో రైతులు చేస్తున్న పని అది. కానీ మాది ఎన్నో కార్ఖానాల మురుగు దిగిన చెరువు. సుందరీకరణ పేరుతో ఆ నల్ల పూడికంతా తవ్వి, లారీల ఖర్చు ఎందుకని గట్టు పక్కనే కుమ్మరించి, చదును చేసి, గడ్డి పరిచారు. దాని మీద పిల్లలకు ఉయ్యాలలు, జారుడుబల్ల. ఆ మట్టిని ఎక్కడైనా పరీక్ష చేయించారా అని సమావేశంలో అడిగితే, టెండరులో ఆ పద్దు లేదన్నారు. ఫౌంటెన్‌కు మాత్రం పద్దు ఉంది. రాత్రి ఏడింటికి వేస్తారు, ఏడు రంగులు మారుతుంది, పాటలు కూడా వస్తాయి.