పిన్నీసు మా శాఖ కాదు

ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ అన్నవాడు జుట్టు, మేకప్, బట్టల గురించి కూడా నేర్చుకోవాలని ఈ మధ్య కొందరు అంటున్నారు. బెజవాడలో 12 ఏళ్లుగా కెమెరా మీద బతుకుతున్నవాడిగా ఈ ధోరణిని తీవ్రంగా ఖండిస్తున్నాను. ఇవాళ జడ అంటారు, రేపు ఫాల్ కుట్టమంటారు, ఎల్లుండి ఇస్త్రీ పెట్టె చేతిలో పెడతారు. దీనికి అంతెక్కడ?

మా వృత్తికి ఒక సంప్రదాయం ఉంది. గవర్నర్‌పేటలో నలుగురు ఫోటోగ్రాఫర్లం టీకి చేరామంటే లెన్సుల మాటే. ఎవరిది ఈఎంఐలో ఉంది, ఎవరిది బావమరిది సింగపూర్ నుంచి తెచ్చాడు, ఎవరిది పెళ్లి సీజన్ అయ్యాక అమ్మకానికి వస్తుంది. 85 ఎంఎం లెన్సులో ముక్కు ఎంత తీరుగా వస్తుందో గంటసేపు చెప్పగలం. ఆ ముక్కు మీద ఏం రాశారని మాత్రం మమ్మల్ని అడగొద్దు. అది మేకప్ వాళ్ల శాఖ. చీర కట్టినావిడది ఇంకో శాఖ. ఈ శాఖల మధ్య ఎక్కడైనా తేడా వస్తే మా దగ్గర మూలమంత్రం ఉండనే ఉంది: "ఎడిటింగ్‌లో చూసుకుందాం." మా గురువుగారు నాకు ఉపదేశించింది ఇదొక్కటే. ఫీజు మాత్రం పూర్తిగానే తీసుకున్నారు.

ఈ సంప్రదాయాన్ని నేనెంత నిష్ఠగా పాటించానో మనవి చేసుకుంటాను.

ఒక బొటిక్ మేడం మంగళగిరి చీరలు తీయమన్నారు. సన్నగళ్ల చేనేత, నిజాం అంచు. తీశాను. రాత్రి కంప్యూటర్‌లో తెరిస్తే చీర నిండా ఇంద్రధనుస్సు అలలు. బట్టలో గళ్లు మరీ సన్నగా, వరసగా ఉంటే కెమెరాలో బొమ్మను పట్టే సెన్సార్ మీది చుక్కల వరసలకీ వాటికీ తగువొచ్చి, అసలు లేని చారలు పుడతాయి. దాన్ని మోరే అంటారు. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగినా, కాస్త కోణం మార్చినా చాలాసార్లు పోతుంది. తీసిన వెంటనే కెమెరా తెర మీద పెద్దది చేసి చూసుకుంటే అక్కడే తెలిసేది. కానీ బట్ట వంక చూడటం బట్టలవాళ్ల పని కదా!

"ఇది మా చీర కాదండీ," అన్నారు మేడం.

"మీదేనండీ. లైటింగ్ ఎఫెక్టు."

"రేపు కస్టమర్ ఇదే కావాలంటే నేనెక్కడ తెచ్చేది? మా మగ్గాల మీద ఎఫెక్టు నేయరండీ."

అప్పటి నుంచి ఆవిడ ఫోన్ ఎత్తడం లేదు. చేనేతకూ కళకూ మధ్య దూరం పెరగడం విచారకరం.

తర్వాత పున్నమి ఘాట్. మే నెల, సాయంత్రం అయిదున్నర. మన ఊరిని ఊరికే బ్లేజ్‌వాడ అనలేదు. నీళ్ల పక్కన నిలబడినా అమ్మాయి ముఖం మీద ఫౌండేషన్ కారిపోతోంది. మేకప్ అక్క టిష్యూతో అద్ది, పౌడర్ వేసి, మళ్లీ అద్ది, మళ్లీ వేసి, నా వైపు తిరిగింది.

"తమ్ముడూ, ఫ్లాష్ వేస్తావా?"

"ఎందుకక్కా? నీ పని నువ్వు చూసుకో, నా పని నేను చూసుకుంటా."

శాఖల మధ్య హద్దులు ఇంత స్పష్టంగా చెప్పినవాడు లేడు. నేరుగా ముఖానికే ఫ్లాష్ వేశాను. సన్‌స్క్రీన్‌లో ఉండే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, పౌడర్‌లో ఉండే సిలికా ఫ్లాష్ వెలుతురును తిప్పికొడతాయట. కంటికి ఏమీ కనబడదు, ఫోటోలో మాత్రం సున్నం కొట్టినట్టు పడుతుంది. ముఖం తెల్లగా, మెడ దాని రంగులో అది. మోడల్‌తో వచ్చిన వాళ్లమ్మగారు తెర మీద చూసి, "మా అమ్మాయి తలకాయ మాత్రం వేరే ఊరి నుంచి వచ్చినట్టుందేంటి బాబూ?" అన్నారు. అక్క అడిగింది ఇందుకేనని నాకు వారం తర్వాత అర్థమైంది. ఆవిడ మాత్రం మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

సినిమా వాళ్లు మొదటి నుంచీ ఈ పొరపాటు చేస్తూనే ఉన్నారు. మూకీల రోజుల్లో ఫిల్మ్‌కు ఎరుపు ఆనేది కాదు, ఎర్రటి పెదవి నల్లగా పడేది. దాంతో కెమెరా పట్టేవాడు రంగుపెట్టె వైపు కూడా చూడాల్సొచ్చింది. 1930లలో టెక్నికలర్ రంగుల సినిమాలు వస్తే, వాటికి సరిపడేలా మాక్స్ ఫాక్టర్ అనే మేకప్ కంపెనీ పాన్‌కేక్ మేకప్ తయారుచేయాల్సొచ్చింది. అంటే కెమెరా మారితే పౌడర్ మారింది. ఇలా ఒకరి శాఖలో ఒకరు వేలు పెట్టడం వల్లే ఆ సినిమాలు అంత బాగా వచ్చాయని గిట్టనివాళ్లు అంటారు.

పసుపు బల్బు కింద మేకప్ వేయించి, బయట ఎండలో తీసిన కథ క్లుప్తంగా చెప్తాను. ఆ బల్బు వెలుతురులో బుగ్గల మీది ఎరుపు ఆనదు. చాల్లేదనుకుని ఇంకో పూత, ఇంకో పూత వేస్తారు. బయటికొచ్చాక ఆ బుగ్గలు గుంటూరు యార్డులో మిర్చి పోసినట్టున్నాయి. కిటికీ పక్కన కుర్చీ వేయించడం ఎవరి శాఖో ఇప్పటికీ తేలలేదు.

ఇక జడ. పూలజడలు అల్లే ఒకావిడ తన పనితనం చూపించే ఫోటోలు కావాలన్నారు. తెల్లవారకముందే లేచి మల్లెమొగ్గలు తెచ్చి, సవరం పెట్టి, రెండు గంటలు కూర్చుని నడుం దాకా అల్లారు. మధ్యమధ్య కనకాంబరాలు, కింద జడగంటలు. నేను 40 ఫోటోలు తీశాను. నలభైలోనూ అమ్మాయి నా వైపే చూస్తోంది. కళ్లు అద్భుతంగా వచ్చాయి. రెప్పవెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.

"జడేదండీ?" అన్నారావిడ.

"వెనకుందండీ."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. జడ వెనకే ఉంటుంది. కాస్త పక్కకు తిప్పమనో, భుజం మీంచి ముందుకు వేయమనో అనాలంటే నాకు జడ గురించి తెలిసుండాలి. అసలు మీరు ఏం చూపించాలనుకుంటున్నారని ఆవిడను ముందే అడగాలి. అలా అడిగితే మన స్థాయి ఏమవుతుంది? అప్పటికే మధ్యాహ్నమైంది, మల్లెలు గోధుమరంగులోకి తిరిగాయి. పూలకు ఎడిటింగ్ గురించి ఎవరూ చెప్పినట్టు లేదు.

అయినా నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది జాకెట్టు. శాంపిల్ జాకెట్టు, మోడల్‌కు నాలుగు వేళ్ల వదులు. మేకప్ అక్కే వీపు దగ్గర బట్టను దగ్గరికి లాగి, కాగితాలకు పెట్టే నల్ల క్లిప్పులు నాలుగు వరసగా బిగించింది. ముందు నుంచి చూస్తే కొలతలిచ్చి కుట్టించినట్టుంది. నాకేమో అప్పుడే ప్రేరణ కలిగింది. అమ్మాయిని పక్కకు తిప్పాను, వెనక్కి తిప్పాను, జుట్టు ఎత్తి పట్టుకోమన్నాను. అక్క ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాను. 62 ఫోటోలు. అన్నింట్లోనూ వీపు మీద నాలుగు క్లిప్పులు, ఎలక్ట్రిక్ తీగ మీద కాకుల్లా.

మూడు రాత్రులు కూర్చుని ఆ కాకుల్ని ఒక్కొక్కటే తోలాను. క్లిప్పు చెరిపితే కింద మడత, మడత చెరిపితే జరీ తెగింది, జరీ అతికిస్తే నడుం వంకర పోయింది. మూడో రాత్రి మా ఆవిడ వెనక నిలబడి కాసేపు చూసింది. "రెండు పిన్నీసులు లోపల నుంచి పెడితే పోయేది కదండీ," అంది. ఇంటి మనుషులకు వృత్తి రహస్యాలు చూపించకూడదు.

కాబట్టి నా డిమాండ్ ఒక్కటే. మా అజ్ఞానం మా హక్కు, దాని జోలికి రాకండి.

మొన్న బందరు రోడ్డులో ఒక షూట్. సరిగ్గా మొదలయ్యే వేళకు కుచ్చిళ్లు జారాయి. అక్క తన పెట్టెంతా వెతికింది, పిన్నీసు లేదు. అసిస్టెంట్ కుర్రాడిని కొట్టుకు పంపబోతోంది. నేను కెమెరా బ్యాగు తెరిచి, లెన్సుకు పెట్టే ఖరీదైన ఫిల్టర్‌తో వచ్చిన గుండ్రటి డబ్బా తీసి మూత తిప్పాను. లోపల పిన్నీసులు, చిన్నవి ఒకవైపు, పెద్దవి ఒకవైపు. ఫిల్టర్ బ్యాగు అడుగున జేబురుమాలులో చుట్టి ఉంది.

అక్క డబ్బా వంక చూసింది, నా వంక చూసింది.

"ట్రైపాడ్ కోసం అక్కా," అన్నాను.