రక్తం కలవకపోయినా కొడుకే అన్న సమాధి

హేజిల్టన్ నార్త్ అనే రాతియుగం సమాధిలోని ఎముకల డీఎన్ఏ స్టడీ 2021 డిసెంబర్‌లో వచ్చినప్పటి నుంచీ అందరిదీ ఒకటే పాట, ప్రపంచంలోనే పాత ఫ్యామిలీ ట్రీ, ఒక మగాడు, అతని పిల్లల్ని కన్న నలుగురు ఆడవాళ్లు, ఐదు తరాలు అని. నాకైతే అందులో అంతకంటే పెద్ద సంగతి వేరే కనిపిస్తోంది.

ఇంగ్లాండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో క్రీస్తుపూర్వం 3700 ప్రాంతంలో రైతులు రాళ్లు పేర్చి కట్టిన పొడవాటి సమాధి దిబ్బ ఇది, లోపల ఉత్తరాన, దక్షిణాన ఎముకలు పెట్టే రాతి అరలు (గదులు). 35 మంది డీఎన్ఏ చూస్తే 27 మంది రక్తసంబంధీకులు. ఆ నలుగురు తల్లుల్లో ఇద్దరి సంతానం ఎక్కువగా దక్షిణం అరలో, మిగతా ఇద్దరి సంతానం ఉత్తరం అరలో ఉంది, అంటే ఎవర్ని ఎటు పెట్టాలో తల్లిని బట్టే తేల్చారన్నమాట.

ఇక సవతి కొడుకులు. తల్లి ఆ సమాధిలోనే ఉంది, కన్నతండ్రి మాత్రం ఆ వంశం మనిషి కాదు, ఆమెకి ఆ వంశంలో ఇంకొకరితో కూడా పిల్లలున్నారు. ఆ కాలంలో పోయిన ప్రతివాళ్లకీ ఇలాంటి సమాధి దక్కేది కాదు, అయినా ఆ కొడుకుల్ని పరాయివాళ్లని బయట పెట్టకుండా వంశం వాళ్ల ఎముకల మధ్యే అదే రాతి అరలో చేర్చారు, ఇంతకంటే తేటగా 'వీడు మా వాడే' అని ఎవరైనా ఎలా చెప్తారు?

కూతుళ్లేరి, ఇది పక్కా మగ వంశం కదా అంటారు. నిజమే, వంశంలో పుట్టిన ఆడపిల్లల్లో చిన్నప్పుడే పోయిన ఇద్దరే ఉన్నారు, పెద్దయిన కూతురు ఒక్కరూ లేరు, బహుశా అత్తింటి వైపే మట్టయి ఉంటారు. కానీ మగ వంశం అన్నంత మాత్రాన రక్తమే సర్వస్వం అని ఎక్కడుంది?

ఇదంతా తెలిసిందంటే కారణం, దున్నకంలో దిబ్బ పాడైపోతోందని 1979-82లో పురావస్తు శాస్త్రవేత్త అలన్ సావిల్ టీమ్ తవ్వి, ఏ ఎముక ఎక్కడ దొరికిందో రాసి భద్రం చేయడం. ఆ ఎముకల్లోంచి డీఎన్ఏ తీస్తారని అప్పుడు ఎవరనుకున్నారు?

మన దగ్గర రాకాసి గుళ్లు అని పిలుచుకునే ఇనుపయుగం సమాధుల్ని కంకర కోసం, ప్లాట్ల కోసం జేసీబీలతో లేపేస్తున్నారు. మన ఎండలకి డీఎన్ఏ నిలవదంటారు, మరి హర్యానాలో సింధు నాగరికత నాటి రాఖీగఢీలో ఎన్నో శాంపిళ్లు ఫెయిలయ్యాక ఒక్క మహిళ ఎముక నుంచి 2019లో రిజల్ట్ వచ్చిందిగా. పురావస్తు శాఖ వచ్చి ఎముకలు తీసి, రాసుకుని, దాచేదాకా ఆ పొలాల్లోకి జేసీబీ దిగకుండా కలెక్టర్లు ఆపాల్సిందే.