టెస్ట్ కేసు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ టెస్ట్ కేసు గారికి,

బెంగళూరు నుండి ఒక తెలుగు అధ్యాపకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ప్రోగ్రాముకు ఒక ఇన్‌పుట్ ఇచ్చి, రావలసిన జవాబు వచ్చిందో లేదో చూసే పరీక్ష అయిన తమరు మా ల్యాబులో ప్రతి తెర మీదా పచ్చగా వెలుగుతున్నారు గనుక తమ క్షేమం వేరుగా అడగవలసిన పని లేదు.

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి మారతహళ్ళి పీజీలలో ఉంటూ చదువుకునే పిల్లలకు నేను రికర్షన్ చెబుతాను. ఫంక్షన్ అనే ప్రోగ్రాము ముక్క తనను తానే పిలుచుకుంటుందంటే వారు ఇట్టే ఒప్పుకుంటారు. అది ఎక్కడో ఒకచోట ఆగాలనీ, ఆగుతుందని ఇండక్షన్‌తో, అంటే మొదటి మెట్టు నిజమని, ఒక మెట్టు నిజమైతే తరువాతిదీ నిజమని నిరూపించే పద్ధతితో, చూపాలనీ అన్నప్పుడే చూపులు తమ వైపు తిరుగుతాయి. పది ఇన్‌పుట్‌లకు తమరు సరేనన్నాక మిగిలిన అనంతమైన ఇన్‌పుట్‌ల గొడవ ఈ సారుకెందుకని వారి ప్రశ్న.

తమ ప్రతిభకు ఒక్క ఉదాహరణ మనవి చేస్తాను. లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించిన జాన్ మెకార్తీ పేరు మీద ఒక చిన్న ఫంక్షన్ ఉంది. ఇచ్చిన సంఖ్య 100 దాటితే అందులోంచి 10 తీసివేస్తుంది. దాటకపోతే 11 కలిపి తనను తాను పిలుచుకొని, వచ్చిన జవాబుతో మళ్ళీ పిలుచుకుంటుంది. 1 నుంచి 101 దాకా ఏది ఇచ్చినా జవాబు 91. తమరు నూటొక్కరు వరుసగా నిలబడి సాక్ష్యం చెప్పాక "ఇది ఎప్పుడూ 91 ఇస్తుంది" అని రికార్డులో రాయకుండా ఉండటానికి ఎంత నిగ్రహం కావాలి! 102 ఇస్తే 92 వస్తుంది. ఆ సంగతి నిరూపణకు కూర్చున్నవాడికి తప్పక తడుతుంది, ఎందుకంటే 100 దాటినదాన్నీ దాటనిదాన్నీ విడదీయనిదే వాడి కలం కదలదు.

అసలు చిక్కు ఇంకొకటి. పిలిచినప్పుడల్లా సంఖ్య తగ్గుతుంటే ఆగుతుందని చెప్పడం సులువే. ఇక్కడ అది పెరుగుతోంది, పైగా పిలుపులో మరో పిలుపు. ప్రోగ్రాములు సరైనవని నిరూపించడానికి కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1969లో ఇచ్చిన నియమాలు కూడా ఆగితే జవాబు సరైనదేనని మాత్రమే హామీ ఇస్తాయి. ఆగుతుందని చూపడానికి అడుగడుగునా తగ్గుతూ, సున్నా కంటే కిందికి దిగని ఒక కొలతను విడిగా వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే నా పాఠం. ఆగని ప్రోగ్రాము ముందు తమరు కాసేపు చూసి "టైమ్ లిమిట్" అంటారు. అది నిదానమో, ఎన్నటికీ ఆగనిదో తమకూ తెలియదు.

నిరూపణ వారూ తక్కువేమీ తినలేదు లెండి. వరుసలో పెట్టిన జాబితాను ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతికే బైనరీ సెర్చ్, సరైనదని నిరూపణ పొంది కూడా, జావా భాష లైబ్రరీలో ఏళ్ళ తరబడి తప్పుతో నడిచిందని 2006లో ప్రోగ్రామర్ జాషువా బ్లాక్ బయటపెట్టారు. మధ్య స్థానం కోసం రెండు సూచీలను, అంటే స్థాన సంఖ్యలను, కూడితే వచ్చే మొత్తం కంప్యూటర్ కేటాయించిన 32 బిట్లలో పట్టకపోవచ్చునన్నది కాగితం మీది గణితానికి తట్టలేదు. అది బయటపడాలంటే 100 కోట్లకు పైగా అంశాలున్న జాబితా (అర్రే) కావాలి గనుక, తమ బంధువర్గం కూడా అటు తొంగి చూడలేదు.

నా మనవి చిన్నది: ల్యాబు మార్కులన్నీ తమరే పుచ్చుకోకుండా, ప్రోగ్రాము ఆగడానికి గల కారణం రాసినవారికి కొన్ని వదలండి. మొన్న వైవాలో బోర్డు మీద ఇండక్షన్‌లో మొదటి మెట్టయిన బేస్ కేసు చక్కగా నిరూపించిన అమ్మాయిని తరువాతి అడుగు చెప్పమన్నాను. "సార్, ఈ ప్రూఫ్‌కి ఎన్ని టెస్ట్ కేసులు పాసవ్వాలి?" అని అడిగింది.

ఇట్లు,
తమ విధేయుడు