పిలవని పేరంటానికొచ్చిన అయిప్టేసియా గారికి

మహారాజశ్రీ అయిప్టేసియా గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మన ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే. తమరి యోగక్షేమాలు అడిగి తెలుసుకోవాల్సిన పని కూడా లేదు. సోఫాలో కూర్చుంటే చాలు, మా ఉప్పునీటి అక్వేరియంలో ఎడమచేతి వైపు రాయి మీద, అలలు పుట్టించే వేవ్‌మేకర్ తోసే నీళ్లకి తీరిగ్గా ఊగుతూ కనిపిస్తారు. గోధుమరంగు కాడ, దాని చివర సన్నటి మీసాలు. ఇంటికొచ్చిన చుట్టాలు "అబ్బ, ఈ పువ్వు భలే ఉందండీ, ఎంత పెట్టి కొన్నారు?" అని తమరినే చూపిస్తారు. పక్కనే వేలు పోసి కొన్నవి ఉన్నాయి. వాటి ఊసు ఎవరూ ఎత్తరు.

తమరిని ఎవరూ కొనరని వాళ్లకేం తెలుసు! ఉప్పునీటి అక్వేరియం పెట్టేవాళ్లకి తమరు రాయితో పాటు ఉచితం. ఆవగింజంత రూపంలో రాతి సందులో నక్కి వస్తారు, నీళ్లు బాగున్నాయనిపించాక విప్పారతారు. తమరు కూడా సీ అనిమోనేనని, అంటే పువ్వులా కనిపించే సముద్రజీవేనని, క్లౌన్ చేపలు కాపురముండే అనిమోన్లకి దూరపు చుట్టమేనని మా క్లౌన్ జంటకి ఎంత నచ్చజెప్పినా అవి తమరి గడప తొక్కలేదు.

ఇక మా కుశలం. ఈ ట్యాంకు పెట్టకముందు మాకు బీపీ లేదు. కుళాయి నీళ్లు పనికిరావన్నారు, ఆర్వో పెట్టాం. తాగే ఆర్వో చాలదు, టీడీఎస్ సున్నా రావాలన్నారు, దానికి మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఐ ఫిల్టర్ తగిలించాం. ఇప్పుడు మేము తాగే నీళ్ల కంటే చేపల నీళ్లే శుభ్రం. అందులో లీటరుకి సుమారు 35 గ్రాముల లెక్కన ఉప్పు కలపాలి, అదీ వంటింటి ఉప్పు కాదు. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి మళ్లీ 4 నుంచి 6 వారాలు. ఆ రోజుల్లో వచ్చిన బంధువులు "చేపలేవీ?" అంటే "ప్రస్తుతం బ్యాక్టీరియా పెంచుతున్నాం" అని చెప్పాం. వాళ్లు తర్వాత రాకపోకలు తగ్గించారు. ఈ హాబీ వల్ల కలిగిన లాభాల్లో దాన్నొకటిగా రాసుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. హైదరాబాద్ 40 దాటింది, ట్యాంకు మాత్రం 25, 26 దగ్గరే ఉండాలట. నీళ్లు చల్లబరిచే చిల్లర్ ధర విని ఫ్యాన్లు పెట్టాం. ఫ్యాను గాలికి నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. పోయినన్ని మంచినీళ్లు మళ్లీ పోస్తూ ఉండాలి. పోసేలోగా కరెంటు పోతుంది. ఇన్వర్టర్ మీద ఏది నడవాలన్న విషయంలో మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి: అత్తగారి గదిలో ఫ్యాను పార్టీ, వేవ్‌మేకర్ పార్టీ. రెండో పార్టీలో నేనొక్కణ్నే.

ఆ టెన్షన్‌లోనే చేపలకి తెల్లమచ్చల జబ్బు తగులుకుంది. రాగి మందు వేస్తే ఆ పరాన్నజీవి చస్తుంది గానీ, అదే నీళ్లలో ఉన్న రొయ్యలు అంతకంటే ముందు చస్తాయి. అంచేత చేపల్ని వేరే తొట్టిలోకి మార్చి వైద్యం చేస్తూ, పట్టుకోవడానికి చేప దొరక్క ఆ పరాన్నజీవి చచ్చేదాకా పెద్ద ట్యాంకుని చేపల్లేకుండా 76 రోజులు ఉంచాలని హాబీలో ఓ పాత లెక్క. ఇంచుమించు రెండు మండలాల దీక్ష. చేపల్లేని ట్యాంకుకి లైట్లు, పంపులు, కరెంటు బిల్లు అన్నీ మామూలే. ఆ దీక్షా ఫలం ఎవరికి దక్కిందయ్యా అంటే, తమరికి.

నా కడుపుమంటంతా ఇదే స్వామీ. డబ్బు పెట్టి తెచ్చిన ప్రతిదీ ఏదో వంక పెట్టుకుని పోతుంది. ఒక డిగ్రీ పెరిగిందనో, ఆల్కలినిటీ తగ్గిందనో, పక్క చేప చూపు బాగాలేదనో. ఊరికే వచ్చిన తమరికి మాత్రం అన్నీ పడతాయి.

తమరిని వదిలించుకోవడానికి అందరూ చెప్పే మందు సున్నం. కాల్షియం హైడ్రాక్సైడ్ అని పెద్ద పేరు పెట్టారు గానీ, మా అత్తగారు తమలపాకుకి రాసుకునేదే. ఆవిడ డబ్బాలోంచి చడీచప్పుడు లేకుండా కాస్త తీసి, చిక్కగా కలిపి, సిరంజిలోకి ఎక్కించాను. పంపులన్నీ ఆపాను. నీడ పడితే ముడుచుకుంటారేమోనని పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, సూది మొన తమరి నోటి మీదకి తెచ్చి మెల్లగా ఒత్తాను. తెల్లటి ముద్ద మీసాల మీద పరుచుకుంది. తమరు చటుక్కున రాతి కన్నంలోకి దిగిపోయారు. పీడా విరగడైందనుకున్నాను. తమరు దిగిపోయింది చావడానికి కాదు, సంసారం పెంచడానికి. తమరి పాదం నుంచి చిన్న ముక్క ఊడి రాతిని పట్టుకున్నా చాలు, అది ఇంకో తమరవుతుంది కదా! కొన్నాళ్లకి అదే కన్నం చుట్టూ పిల్ల తమరులు బారులు తీరారు. సున్నం తరిగిపోతోందని అత్తగారు మా ఆవిడని అనుమానించారు. నేను పేపర్ చదువుకుంటూ ఉండిపోయాను.

తర్వాత పెప్పర్‌మింట్ రొయ్యని తెచ్చాం, తమరంటే దానికి ప్రాణమని విని. చేపలకి వేసే మేత దొంగిలించడంలో అది ఆరితేరింది. తమరి వైపు కన్నెత్తి చూడలేదు. ఆ పేరు చెప్పి, చూడ్డానికి దాదాపు అలాగే ఉండే కామెల్ రొయ్యని అంటగట్టడం కూడా ఈ వ్యాపారంలో ఉంది. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప తమరిని తింటుందంటారు గానీ, చాలాసార్లు ఆ మహాతల్లి ఏమీ తినకుండానే కన్నుమూస్తుంది. బెర్గియా అనే సముద్రపు గుల్లలేని నత్త ఒకటుంది. దానికి తమరు తప్ప వేరే ఆహారం ఎక్కదు. తమరు అయిపోయిన నాడు అది ఆకలితో చస్తుంది. తమరికి శత్రువుగా పుట్టినా తమరి మీదే బతకాలి, ఏం జాతకమండీ తమరిది!

చట్టానికి కూడా తమరి గొడవ పట్టదు. రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే పులి ఉన్న వరసలో చేర్చారు. దాంతో నాకు పేచీ లేదు. మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నం కోసం పగడపు దిబ్బల్నే తవ్వుకుపోయారు. ముట్టుకుంటే పగడానికి ముప్పు, అందుకే కేసు. తమరిని ముట్టుకుంటే తమరే పదిమందవుతారు, ఇక కేసెందుకు?

పైగా తమరికి శాస్త్రవేత్తల దగ్గర రాజభోగం. పగడాల్లాగే తమరి ఒంట్లోనూ నాచు కాపురముంటుంది. వేడికి అది వెళ్లిపోతే పగడం తెల్లబోయి ఆకలితో చావచ్చు. తమరు తెల్లబోయినా మేత దొరికితే బతికేస్తారు. అందుకని పగడాల కష్టమేమిటో తెలుసుకోవడానికి ల్యాబుల్లో తమరిని పెంచి పోషిస్తారు. 2015లో తమరి జీనోమ్, అంటే జన్యువుల చిట్టా, మొత్తం చదివి అచ్చేశారు. అక్కడ తమరిని చావకుండా చూసుకోవడానికి జీతాలిస్తున్నారు. అదే పని ఇక్కడ నేను సొంత ఖర్చుతో చేస్తున్నాను.

ఇన్నాళ్లూ ఎలా తట్టుకున్నావయ్యా అంటే, "ఓపిక పట్టండి" అన్న సలహాతో మాత్రం కాదు. ఆ సలహా ఇచ్చేవాళ్లందరివీ పాతబడిన, మెరిసిపోయే ట్యాంకులు. నాకు కాస్త దారి చూపింది మా క్లౌన్ చేప. జంటలో పెద్దది, అంటే ఆడది, తెల్లమచ్చల్లో పోయింది. మిగిలిన మగది మూల కూర్చుని ఏడవలేదు. నెమ్మదిగా తనే ఆడదయ్యే పనిలో పడింది, వాటి జాతి తీరే అంత. దాని ముందు కూర్చుని "ఫుల్ సెటప్ అమ్మబడును" అని ఫోన్లో టైపు చేయడానికి సిగ్గేసి, డ్రాఫ్ట్‌లోనే వదిలేశాను. ధర మాత్రం అప్పుడప్పుడూ తగ్గిస్తుంటాను.

కాబట్టి రాజీకి వద్దాం. ట్యాంకు కింద ఫిల్టర్లుండే తొట్టి, అదే సంప్, తమరిది. నీళ్లతో జారే మేతంతా అక్కడికే వస్తుంది. వంశమంతా ఉండండి, సిరంజి పట్టను. పైన అద్దంలో కనబడేది మాది. పై నీళ్లు సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో పైపులో మాత్రం సంసారం పెట్టొద్దు. అది పూడితే నీళ్లు కింది ఫ్లాట్ సీలింగ్‌లోకి దిగుతాయి. ఆయన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ. ఆయన మీద సున్నం పనిచేయదు.

ఇట్లు,
కరెంటు బిల్లు కట్టేవాడు